జంటచుక్కల సర్వేయరు మామ

మొన్న మధ్యాహ్నం మా నాయన రాప్తాడులో బస్సు దిగి, ఎండలో నడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విడవకముందే గడపలో నిలబడి, "మీ సర్వేయరు మామ పోయినాడమ్మా" అన్నాడు.

చేతిలో చాట కింద పెట్టేశాను. "ఎప్పుడు నాయనా?"

"పోయిన వారం."

"యాడ పెట్టినారు?"

"ముందు రొన్ని నీళ్ళియ్యి" అన్నాడు. ఇచ్చాను. గటగటా తాగి, చెంబు పక్కన పెట్టి, తుండుగుడ్డ తల కింద చుట్టుకుని అరుగు మీద ఒరిగాడు. కళ్ళు మూసుకున్నాడే గానీ నిద్రపోలేదు. నిద్రపోతే మా నాయన నోరు తెరుచుకుంటుంది. ఆ పొద్దు పెదవులు బిగించే ఉన్నాయి.

నేను ఊరికే అడిగింది కాదు. సర్వేయరు మామ తాను పోయినాక పడుకోవలసిన చోటును తానే కొలుచుకున్నాడు. దాని పక్కన అత్తకు, అంటే ఆయన భార్యకు, రాయి నాటాడు. ఆయన్ను ఆ చోటనే పెట్టారా, పక్కనున్న రాయిని అట్లే ఉంచారా, అంతే నేను తెలుసుకోవాలనుకున్నది. నాయన లేచేదాకా ఆ రాయి చుట్టే నా మనసు తిరిగింది. తిరిగినంతా ఇక్కడ రాస్తున్నాను. రాయగలుగుతున్నందుకు భగవంతుడికీ, మా అవ్వకీ, ఆయనకీ దండం.

నా పుట్టింటి ఊరు గుమ్మఘట్ట దాటినాక, ఒక వాకిట్లో తెలుగు, పక్క వాకిట్లో కన్నడం వినపడే చోట ఉంది. సర్వేయరు మామ అక్కడివాడు కాదు, అయినా చిన్నా పెద్దా అందరికీ మామే. సర్వే ఇలాకాలో భూములు కొలిచి కొలిచి, ఉద్యోగం అయిపోయినాక మా వీధి చివర ఒక మిద్దె ఇల్లు తీసుకుని నిలిచిపోయాడు. ఆయన పుట్టిందెక్కడో, ఎవరి కొడుకో నేను అడగలేదు. అడిగినా చెప్పే మనిషి కాదు. ఆయన ఇంటికి ఎవరు పోయినా ముందు ఆయనే అడిగేవాడు.

"ఉత్తరం యాడ?"

మజ్జిగ అమ్మే ఆమెనైనా, కొత్తగా వచ్చిన బడి అయ్యవారినైనా, ఊరికి వచ్చిన అల్లుడినైనా అదే అడగడం. సరిగ్గా చూపిస్తే లోపలికి రమ్మనేవాడు. తప్పు చూపిస్తే, "నీ ఇంటికి నువ్వెట్ల పోతాండావప్పా దినామూ? ఎద్దులు తోలకపోతాండాయా?" అనేవాడు. కొందరు నవ్వేవాళ్ళు. కొందరు మళ్ళీ ఆ వాకిలి తొక్కలేదు.

మా నాయన మాత్రం ఎప్పుడూ తప్పలేదు. వయసులో ఉన్నప్పుడు ఆయన వెంట గొలుసు మోశాడు. భూమి కొలిచే ఇనప గొలుసు, ఒక కొన ఆయన పట్టుకుంటే రెండో కొన నాయనది. "ఈ ఊర్లో తలకాయ సరిగ్గా నిలబడింది వీడొక్కనికే" అని ఆయన నలుగురిలో చెప్పేవాడు. నాయన తల వంచుకుని నవ్వుకునేవాడు. ఆ మాట మా ఇంట్లో పట్టాకాగితం లెక్కన చాలా ఏళ్ళు నిలిచింది.

ఆయన హద్దురాయి నాటే పద్ధతి ఒకటి ఉండేది. గుంత తవ్వినాక రాయి దించకముందు అడుగున నాలుగు పిడికిళ్ళు బొగ్గు పోయించేవాడు. "రాయి ఎవడైనా జరుపుతాడు. కింద బొగ్గు ఉండాదని వానికి తెలీదు. తగాదా వస్తే తవ్వి చూడల్ల, బొగ్గు యాడుంటే హద్దు ఆడ. భూమిలో బొగ్గు చెడదు" అనేవాడు. ఆ బొగ్గు పోసే పని నాయనదే.

మిద్దె మీద ఆయనకు ఒక దుర్భిణి ఉండేది. బెంగళూరులో పాత సామాన్ల అంగట్లో దొరికిందట. పక్షుల్నీ కొండల్నీ కాదు, జంటచుక్కల్ని చూసేవాడు. మన కంటికి ఒకటిగా కనిపించే చుక్క దుర్భిణిలో రెండుగా విడిపోతుంది. ఆ రెంటి మధ్య దూరమెంత, పెద్దదానికి చిన్నది ఏ దిక్కులో ఉంది, ఇదే ఆయన కొలత. ఉత్తరం నుంచి మొదలుపెట్టి తూర్పు మీదుగా ఎంత కోణం తిరిగితే ఆ రెండో చుక్క తగులుతుందో చూసేవాడు. "భూమ్మీద చేసిన పనే ఇది. గొలుసు లేదు, అంతే" అనేవాడు. గొలుసుకు బదులు దుర్భిణి కంటి దగ్గర పట్టుపోగు బిగించాడు. ధర్మవరం మగ్గాలాయన దగ్గర అడిగి తెచ్చిన పచ్చిపట్టు దారాన్ని విప్పి, విప్పి, ఊపిరి తగిలితే ఎగిరిపోయే ఒక్క పోగు తీశాడు. దుర్భిణిని కదపకుండా ఉంచితే చుక్క ఆ పోగు వెంబడి తనంతట తానే జారుతుంది. అది జారేది పడమరకు. పడమర తెలిస్తే ఉత్తరం తెలిసినట్లే.

దూరం ఎంత చిన్నదో నాకు అర్థం కాక అడిగితే, "ఊరి ఆ కొసన మీ అవ్వ ఒక నువ్వుగింజ పట్టుకుని నిలబడిందనుకో. ఈడ నుంచి ఆ గింజ ఎంత కనపడుతుందో, ఆ రెండిటి నడుమ సందు అంత" అన్నాడు.

నేను బడికి పోయినదాన్ని కాదు. తెలుగు అక్షరాలు మా అవ్వ దేవుడి గదిలో బియ్యప్పిండి మీద దిద్దించింది. ఇంగ్లీషు అక్షరాలు మామ మిద్దె మీద వచ్చాయి. చుక్కల పేర్లలో రావడం వల్ల నాకు అవి వింతగా వచ్చాయి. ముందు ఎ, బి రెండే. జంటలో వెలుగు ఎక్కువున్నది ఎ, తక్కువున్నది బి. అన్నదమ్ములు విడిపోతే సర్వే నంబరును ఎ, బి అని చీల్చినట్లే. మూడో చుక్క కనపడితే సి. చాలా కాలం నాకు సి దాటి రాలేదు. మృగశిర కింద మసకగా ఉండే చోట నాలుగు చుక్కలు ఒకే గంపలో పెట్టినట్లు కనిపించిన రోజు డి వచ్చింది. మిగిలినవి క్యాలెండరులో నేర్చుకున్నాను. ఈనాటికీ బస్సు బోర్డు మీద ఎ కనిపిస్తే వెలుగు ఎక్కువున్నది అనే అనిపిస్తుంది.

చుక్కలకు పేర్లు పెట్టే తీరు ఆయన భక్తిగా చెప్పేవాడు. ఆయనకు ఉన్న భక్తి అదొక్కటే. జంటను మొదట ఎవరు కనిపెడితే వాళ్ళ పేరులో ఒక ముక్క, దాని పక్కన వరుస నంబరు, ఆ పక్కన ఎ, బి. అట్లా దేశదేశాల వాళ్ళు వేలకు వేలు చూసి పుస్తకాలు కట్టారట. "ఒకసారి ఎక్కినాక కొట్టేసేది లేదు. రెండోది మళ్ళీ ఎవరికీ కనపడలేదనుకో, 'కనపడలేదు' అని పక్కన రాస్తారు. దాని అక్షరం ఇంగొకదానికి ఇయ్యరు. అట్లే ఉంటాది" అనేవాడు.

ఒక చలికాలం పోయినాక, సప్తరుషులు దీపాల వేళకే ఉత్తరాన లేచే రోజుల్లో, అవ్వను కూడా మిద్దె ఎక్కించాడు. వసిష్ఠుణ్ణి చూపించాడు. అవ్వ కన్ను పెట్టి, ఒక్క క్షణం చూసి, వెనక్కి జరిగింది.

"ఇద్దరుండారు."

"ఊఁ. ఎ, బి."

"మరి ఆ తల్లి అరుంధతి?"

"ఆ యమ్మ రొంత దూరంగా ఉండాది. పుస్తకంలో సి."

అవ్వ చెంపలు వేసుకుంది. "రుషిని రెండు ముక్కలు చేసి, ఆ తల్లికి మూడో అక్షరం పెట్టినావా? నీ కండ్లు పోతాయి."

"నా కండ్లు పోతే పోనీ పెద్దమ్మా. వాళ్ళు రెండుగా ఉండేది మానరు."

అవ్వ కిందికి దిగి, ఇంటికి వచ్చి, నా చేత స్నానం చేయించింది. ఆయన మీద కోపం సగమే. మిగతా సగం అత్త చేతి మజ్జిగ నేను తాగానని.

అత్తకు బొల్లి ఉండేది. మొహం మీద, మెడ మీద, చేతుల మీద తెల్లమచ్చలు. ఊళ్ళో ఎవరూ ఆమె చేతి నీళ్ళు తాగరు. పేరంటాలకు పిలవరు. పిలవలేదని ఆమె అన్నది నేను వినలేదు. పొద్దున్నే వాకిలి చిమ్మి, ముగ్గు వేసి, ఆ ముగ్గుపిండి చేతినీ మచ్చల చేతినీ పక్కపక్కన పెట్టి చూసుకుని, "యాడ ముగ్గో యాడ నేనో తెలీడంల్యా" అని నవ్వేది.

మామ ఆమెను కూడా వదిలేవాడు కాదు. ఆమె మణికట్టు మీద రెండు చిన్న మచ్చలు పక్కపక్కనే ఉండేవి. ఉగాదికి ఉగాదికి ఆ రెంటి మధ్య దారం పెట్టి కొలిచేవాడు. "దగ్గరకొస్తాండాయి. ఇది నిజం జంట" అనేవాడు. ఆమె ఆ చేతిని మేకపిల్లను ఇచ్చినట్లు ఆయనకు ఇచ్చేసి, రెండో చేత్తో చింతపండు గింజలు తీసుకుంటూ కూర్చునేది. చివరికి ఒక ఏడు ఆ రెండూ కలిసి ఒకటే మచ్చ అయ్యాయి. దారం జేబులో పెట్టుకున్నాడు. ఆ ఉగాది పచ్చడి కూడా నాకలేదు.

నిజం జంట, చూపుజంట అని ఆయన రెండు రకాలు చెప్పేవాడు. నిజం జంటలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. చూపుజంటలు మన కంటికి పక్కపక్కన కనిపిస్తాయి గానీ, ఒకటి దగ్గర, ఒకటి ఎక్కడో దూరం. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు. ఇది చుక్కల వరకే ఉంచి ఉంటే బాగుండేది. మా పిన్నమ్మ కూతురి పెళ్ళిలో, మిట్టమధ్యాహ్నం పూజారి పందిరి బయటికి తెచ్చి అరుంధతిని చూపించాడు. పెళ్ళికొడుకు తల ఊపాడు.

"యాడ కనపడిందప్పా?" అన్నాడు మామ వెనక నుంచి.

ఆ పిల్లవాడు కంగారులో ఎటో చెయ్యి చూపించాడు.

"అది దక్షిణం. ఆ యమ్మ ఆ పక్కకు ఎన్నడూ పోలేదు. నీది చూపుజంటే."

అందరూ నవ్వారు. పెళ్ళికూతురు ఏడ్చింది. రెండేళ్ళకు ఆ పిల్ల పుట్టింటికి తిరిగి వచ్చినప్పుడు, ఊరంతా ఆయన నోటి వల్లే అన్నారు. ఆయన విన్నాడు. "నేను చూసింది చెప్పినా" అన్నాడు. ఆ పిల్ల మా ఇంటి ముందు నుంచే నీళ్ళకు పోయేది. ఆయన వాకిలి వస్తే తల మీద కొంగు లాక్కునేది.

ఆయనకు ప్రాణమైన జంట, హంస ఆకారంలో కనిపించే చుక్కల గుంపులో ముక్కు దగ్గర ఉంది. ఒకటి పసుపుముద్ద, పక్కనే నీలిమందు చుక్క. దాన్ని చూస్తే ఆయన నోరు మెత్తబడేది. "ఇది నిజం జంటా, చూపుజంటా మామా?" అంటే, "ఇంకా ఎవరికీ తెలీదు. కొలుస్తాండారు" అనేవాడు. ఒకసారి అత్త కూడా చూసింది. "పక్కపక్కనే ఉండారు గదా, ఇంగేం కావల్ల వాళ్ళకు?" అంది. ఆమె మాటకు ఆయన ఎదురు చెప్పకపోవడం నేను చూసింది అదొక్కసారే.

చిక్కంతా ఆ హంసతోనే వచ్చింది. అది దీపాల వేళకు నడినెత్తిన నిలిచేది సరిగ్గా మా చేలకు వాన కావలసిన నెలల్లో. ఊరంతా మోడం, అదే మబ్బు, పట్టాలని చూస్తుంటే ఆయన మోడం పోవాలని చూసేవాడు. మంచి వానల ఏడు ఆయనకు హంస కనపడదు. ఆయనకు హంస బాగా కనపడిన ఏడు మాకు చెనిక్కాయ చెట్టుకు కాయ ఉండదు. ఇది ఊరికి తెలుసు. "దుర్భిణి పెట్టి మోడాన్ని తరుముతాండాడు" అని పిల్లలు కూడా అనేవాళ్ళు.

కరువు ముదిరిన ఏడు నాయన ఎద్దులను అమ్మి, సంత నుంచి ఒట్టి పలుపులు భుజాన వేసుకుని నడిచి వచ్చాడు. అప్పుడే పొద్దు గూకింది. మామ మిద్దె మీద ఉన్నాడు. నాయన్ను చూసి, పై నుంచి, సంతోషంగానే అన్నాడు.

"ఏం ఆకాశమప్పా ఈ పొద్దు. కడిగిన గిన్నె మాదిరి ఉండాది. ఇంగో నెల ఇట్లే ఉంటే చాలు నాకు."

నాయన నిలబడ్డాడు. పలుపులు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. అంతే, ఇంట్లోకి వచ్చేశాడు. కింద నుంచి అత్త గొంతు వినపడింది. "నీ నోట్లో మన్ను పడ. వాని చేతిలో ఏముండాదో చూసినావా?" ఆయన చూడలేదు. ఆయన పైకే చూస్తుండేవాడు. తెలిసినాక కూడా వచ్చి ఒక మాట అనలేదు.

ఆ ఏడు చలికాలంలోనే అత్త జ్వరంతో పోయింది. మాకు పూడ్చిపెట్టడమే ఆనవాయితీ. బొల్లి ఉన్నవాళ్ళను మాత్రం పూడ్చరు, కాలుస్తారు. పూడిస్తే ఆ నేల వానను రానివ్వదని మా వైపు నమ్మకం. పెద్దలందరూ ఆయన వాకిట్లో నిలబడి, మాట్లాడమని నాయన్ను ముందుకు తోశారు.

"మామా, కోపం చేసుకోవద్దు. ఆయమ్మను కాల్చేద్దాం. పూడిస్తే వాన రాదంటారు."

"ఎవరంటారు?"

"అందరూ."

"అందరికీ ఉత్తరం యాడుండాదో తెలీదు. వాన సంగతి తెలుసునా?"

"నాకు తెలుసు గదా ఉత్తరం. నేను చెప్తాండా."

ఆయన నాయన మొహంలోకి చూశాడు. "నీకు నేర్పించింది ఇందుకా?" అన్నాడు. పార తీసుకుని, ఊరి పక్కన కొనుక్కున్న తన చేనికి పోయాడు.

తన చేతులతోనే గుంత తవ్వి పూడ్చాడు. తల దగ్గర హద్దురాయి నాటి దాని మీద ఇంగ్లీషు ఎ చెక్కాడు. పక్కన తన కోసం చోటు కొలిచి, ఇంకో రాయి నాటి, దాని మీద బి చెక్కాడు.

"నువ్వు మొగోనివి, ఎ నువ్వు గదా" అన్నారెవరో.

"వెలుగు ఎక్కువున్నది ఎ" అన్నాడు.

మరుసటి ఏడు కూడా వాన రాలేదు. మృగశిర కార్తె పోయింది, ఆరుద్ర పోయింది. నాయన విత్తనాలు నేలలోనే మాడిపోయాయి. ఈసారి నాయన ఒక్కడే ఆయన దగ్గరికి పోయాడు. నేను అన్నం గిన్నెతో వెనకే ఉన్నాను. అత్త పోయినాక ఆయనకు రోజూ మా ఇంటి నుంచే పోయేది, అవ్వే పంపేది.

"తీసి కాల్చనీ మామా. ఊరు ఆగదు."

"నీ ఎద్దులు అమ్మినప్పుడు ఆమె బతికే ఉన్నింది గదప్పా. ఈ వాకిట్లోనే ముగ్గేస్తాన్నింది. అప్పుడెందుకు రాల్యా వాన?"

"అప్పుడు నువ్వు మిద్దె మీద నిలబడి మోడం వద్దని మొక్కుతాంటివి."

మామ పైకి చూడబోయి, తల దించి నా చేతిలోని అన్నం గిన్నె అందుకున్నాడు. "ఆ హద్దు నాది. నేను ఉన్నన్నాళ్ళు ఎవరూ తాకేది లేదు" అన్నాడు. నాయన సరేనన్నట్లు తల ఊపి వచ్చేశాడు.

వారం తిరక్కుండా నాయనే మళ్ళీ పోయి చెప్పాడు. బెళుగుప్పలో అన్నదమ్ములు హద్దు కోసం కొట్టుకుంటున్నారని, సర్వేయరు మామ వచ్చి గొలుసు వేస్తే తప్ప వినమంటున్నారని. ఆయన్ను ఎవరైనా కొలతకు పిలిచి చాలా కాలమైంది. గొలుసుకు ఆముదం రాశాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పొద్దున బస్సుకు గొలుసును నాయనే మోసి, బస్సు మీదికి ఎక్కించి, జాగ్రత్తగా కట్టాడు. బస్సు కదిలేటప్పుడు ఆయన కిటికీలో నుంచి, "నువ్వు గూడా రాకపోతివా, రెండో కొన ఎవరు పడతారు?" అన్నాడు.

ఆ మధ్యాహ్నం అవ్వ తలుపు వేసి, నన్ను దేవుడి ముందు కూర్చోబెట్టి, పెద్దగా నామం చెప్పమంది. ఎందుకో చెప్పలేదు. ఎంత పెద్దగా చెప్పినా వాసన వచ్చింది. కిరసనాయిలు, ముళ్ళకంప, ఇంకొకటి. సాయంత్రం మగవాళ్ళంతా బావి దగ్గర గుడ్డలతోనే మునిగి వచ్చారు. అన్నం కలుపుకునేటప్పుడు నాయన చేతికి ఇంకా కిరసనాయిలు వాసన ఉంది. రెండు ముద్దలు తిని, "ఉప్పు ఎక్కువైంది" అని లేచాడు. ఎక్కువ కాలేదు.

బెళుగుప్పలో ఎవరూ కొట్టుకోవడం లేదు. మామ సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చాడు. గొలుసు భుజాన వేసుకుని, ఇంటికి కాదు, నేరుగా చేనికి పోయాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. పొద్దున మా వాకిట్లో నిలబడ్డాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"జల్లెడ ఉంటే ఇయ్యప్పా" అన్నాడు నాయనతో.

నాయన లోపలికి పోయి, పిండి జల్లెడ తెచ్చి, ఆయన చేతిలో పెట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన పోయినాక అవ్వ, "ఆ జల్లెడ ఇంగ మనకొద్దు" అంది.

ఆ వారంలోనే వాన పడింది. ఇది నేను రాయకుండా ఉండలేను. పడింది. మూడు దినాలు విడవకుండా పడింది, చెరువులు నిండాయి. ఆలస్యంగా వేసిన చెనిక్కాయ కూడా చెట్టు పీకితే గుత్తులు గుత్తులుగా వచ్చింది. ఆ పంటతోనే నా పెళ్ళి అయింది. నేను ఈ ఇంటికి వచ్చింది, నా పిల్లలు పుట్టింది ఆ పంట మీదే. రోజూ భగవంతుడికి దండం పెట్టేటప్పుడు ఆ వానకు ఎట్లా దండం పెట్టాలో నాకు ఈనాటికీ తెలియదు. పెట్టకుండా ఉండటమూ తెలియదు.

పెళ్ళికి మామ వచ్చాడు. పూజారి మమ్మల్ని పందిరి బయటికి తెచ్చి, పైకి చూపించి, అరుంధతి అన్నాడు. అందరి తలలూ వెనక్కి, ఆయన వైపు తిరిగాయి. నేను పెళ్ళికొడుకు వేలు గట్టిగా పట్టుకున్నాను. చూపుజంట అంటాడేమోనని. ఆయన మెల్లగా తల ఎత్తి చూశాడు.

"మోడం ఉండాది" అన్నాడు. "మీరు అడిగిందే గదా."

మా నాయన నేల చూస్తూ నిలబడ్డాడు. మామ నా తల మీద చెయ్యి పెట్టి, అన్నం తినకుండా వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఆయన మిద్దె ఎక్కలేదని చెప్పేవాళ్ళు. పుట్టింటికి పోయినప్పుడల్లా కనిపించేవాడు. ఉత్తరం అడిగేవాడు. చూపించేదాన్ని.

ఇవన్నీ తలుచుకునేసరికి పొద్దు వాలింది. దీపం పెట్టి బయటికి వచ్చేసరికి నాయన అరుగు మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"ఆయన చెప్పిన తావులోనే పెట్టినాం" అన్నాడు, నేను మళ్ళీ అడగకుండానే. "బి లో."

"పక్కన?"

"పక్కన రాయి లేపినాం."

"ఎందుకు నాయనా? ఆడ ఇంగేముండాది?"

"బొగ్గు ఉండాది." నాయన తన అరచేతులు చూసుకున్నాడు. "ఆయన రాయి నాటితే కింద బొగ్గు పోయకుండా ఉండడు. జల్లెడ అడిగిన పొద్దే నాకు తెలుసు, కాల్చిన తావులో ఏరుకున్నిదంతా తెచ్చి మళ్ళీ ఆడనే పెడతాడని. ఎముకలు గూడా ఉన్నాయి. పట్టుగుడ్డలో కట్టినాడు."

"ఊరోళ్ళకు తెలుసునా?"

"నేను చెప్పినాక తెలిసింది. ఆయన ఉన్నన్నాళ్ళు చెప్పలేదమ్మా. 'నేను ఉన్నన్నాళ్ళు ఎవరూ తాకేది లేదు' అన్న్యాడు గదా. ఆ మాట నిలబెట్టినా." తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "మళ్ళీ వానలు పోయినాయి. బోరులో గూడా తేమ ల్యా. ఊరు ఎన్నాళ్ళని చూస్తాది?"

"ఏం చేసినారు దాన్ని?"

"వేదవతిలో కలిపినాం."

"వేదవతిలో నీళ్ళుండాయా?"

"ల్యా. ఇసకలో చల్లినాం."

"రాయి ఏం చేసినారు?" అన్నాను.

అప్పుడు నాయన నడుము నిటారుగా పెట్టుకున్నాడు. "రాయి యాడున్నిందో ఆడే నాటినా. నేనే దగ్గరుండి, వెంట్రుకవాసి తేడా లేకుండా, ఉత్తరం చూసుకుని నాటినా. హద్దురాయి జరపగూడదు గదా." ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో, తలకాయ సరిగ్గా నిలబడింది వీడొక్కనికే అన్న రోజుల సంతోషం ఉంది.

నేను లోపలికి పోయి దీపం ముందు నిలబడ్డాను. సాయంత్రం పూట, నాకు మేలు చేసినవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకుని దండం పెట్టుకోవడం అవ్వ నేర్పిన అలవాటు. అవ్వ. నాయన. ఆ పొద్దు కూడా నాయన్ను వదల్లేదు. సర్వేయరు మామ, బి. అత్త దగ్గరికి వచ్చేసరికి ఆగాను. ఎ అనుకున్నాను. పక్కన ఆయన చెప్పినట్లే, కనపడలేదు అనుకున్నాను. ఆ అక్షరం ఇంకెవరికీ ఇవ్వను.

కంచంలో అన్నం పెట్టుకుని బయటికి వచ్చాను. హంస నడినెత్తిన ఉంది. ఒక్క మోడం తునక లేదు. నాయన తల ఎత్తి అదే చూస్తున్నాడు.

"ఈసారి వస్తాదంటావా అమ్మా, వాన?"

కంచం ఆయన ముందు పెట్టాను. "ఉత్తరం యాడ నాయనా?" అన్నాను.

ఆయన ఆలోచించలేదు, చుట్టూ చూడను కూడా లేదు. చీకట్లోనే చెయ్యి లేచింది. తప్పు లేదు, సరిగ్గా ఉత్తరానికే.